విడువని స్వరము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో పద్యనాటకము జరుగునప్పుడు వేదికకు ఒక ప్రక్కగా హార్మోనియము పెట్టె ఉండుట పూర్వాచారము. నేడు చాలచోట్ల ఆ స్థానమున కీబోర్డు కనబడుచున్నది. రామమందిరములలో భజనలకు, చర్చిలలో ఆరాధనకు, పెండ్లిపందిళ్ళలో పాటకచేరీలకు కూడ అదియే ఆధారము. ఏ కంపెనీవారు చేసినదైనను జనులు దానిని ‘కేసియో’ అనియే పిలుచుచుందురు. వీనిలో క్రొత్తవి కొన్నియే. పట్టణములలోని ఆర్కెస్ట్రాలవారు ఇరువది ముప్పది యేండ్లు వాయించి విడిచిన సింథసైజర్లు చేతులు మారి మారి పల్లెలకు చేరినవి. అట్టి పాత వాద్యములలో తరచుగ మొరాయించునది కాలిక్రింద ఉండు చిన్న పెడలు. సస్టెయిన్ పెడలు అని దానికి పేరు.

ఈ పెడలునకు వచ్చు తెవుళ్ళు రెండు విధములు. ఒకటి మూగతనము: ఎంత త్రొక్కినను స్వరము నిలువదు, వ్రేలు తీసినతోడనే తెగిపోవును. రెండవది మొండితనము: కాలు తీసినను స్వరము విడువదు. మొదటిదానితో ఆ రాత్రికి ఎట్లో నెట్టుకొని పోవచ్చును. రెండవదానితో సాధ్యము కాదు. పద్యము ముగిసిన పిమ్మట నటుడు రాగము తీయును; జనము ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయును; అతడు మరల ఎత్తుకొనును; వాద్యగాడు వెంట నడచును. అది కల్యాణి అనుకొందము. వెనుకటి ప్రతిమధ్యమము ఆగక మ్రోగుచుండగనే పంచమము వచ్చి దానిపై పడును. రెండును ఒకదానినొకటి గీచుకొనుచుండగా పై షడ్జమము చేరును. మూడు నాలుగు క్షణములలో అది సంతవేళ రొదవలె అగును. పాడువానికి శ్రుతి దొరకదు. వినువారు పెడలును తప్పుపట్టరు, వారికి అది కనబడనే కనబడదు. ‘పెట్టె వాయించువాడు చెడగొట్టినాడు’ అందురు. మరుసటి యేడు బయానా మరియొక సమాజమునకు పోవును. సంక్రాంతి మొదలు శివరాత్రి దాటువరకు దొరకు నాటకములే కొందరు వాద్యగాండ్రకు సంవత్సరపు ఆదాయములో పెద్దభాగము. కావున ఈ చిన్న స్విచ్చి సంగతి చిన్నది కాదు.

పెట్టె పాడైనదని తలచి దానిని వచ్చిన వెలకు అమ్మివేయుటయో, బస్సు మీద వేసికొని విశాఖపట్టణమునకు మోసికొనిపోవుటయో జరుగుచుండును. అచట విప్పి చూచినవాడు బాగుచేసితిననును. ఇంటికి తెచ్చి బిగించినచో మరల అదే తంతు. నా అనుభవమున తెలిసినంతలో, ఇట్టి సందర్భములలో పలుమారులు పెట్టెకు రోగమే ఉండదు. పెడలులోనో, దాని తీగలోనో, ఆ రెండింటిని పెట్టెతో కలిపిన తీరులోనో ఉండును. రోగము ఎచట లేదో ముందు తేల్చినచో, ఎచట ఉన్నదో తనంత తానే తేలును. దానికి స్క్రూడ్రైవరు అవసరము కూడ లేదు.

పెడలు చేయు పనిని మొదట గ్రహింతము. మీటిన తీగ తనంత తాను మ్రోగి మ్రోగి సన్నగిల్లును. బొబ్బిలి దాపున గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి చేయు వీణను ఎరిగినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. నాదమును మధ్యలో ఆపదలచిన వైణికుడు వ్రేలు ఆనించి ఆపవలెను. ద్వారం వేంకటస్వామినాయుడుగారు బోధించిన సంగీత కళాశాల గల సీమ ఇది. ఫిడేలున నాదమును నిలుపునది కమాను అనియు ఇచట వేరుగ చెప్పనక్కరలేదు. పియానో తీరు వేరు. అందు మెట్టుపై వ్రేలు ఉన్నంతసేపే తీగ మ్రోగును. వ్రేలు తీసినతోడనే ఉన్ని అద్దిన చిన్నదిమ్మ తీగపై వ్రాలి నాదమును అణచును. కుడికాలి పెడలును త్రొక్కినచో ఆ దిమ్మలన్నియు ఒక్కసారిగా పైకి లేచి, తీగలు వీణతీగలవలె స్వేచ్ఛగా మ్రోగును. కాలు తీసినచో దిమ్మలు మరల వ్రాలును.

సింథసైజరులో తీగలు లేవు, దిమ్మలు లేవు. ఆ పెడలు ఒక విద్యుత్ స్విచ్చి. అంతకు మించి ఏమియు కాదు. ‘త్రొక్కినాడు’, ‘విడిచినాడు’ అను రెండు మాటలే దానికి వచ్చును. తక్కిన పనియంతయు పెట్టెలోని ఎలక్ట్రానిక్ భాగములు చేయును. కాళ్ళతో త్రొక్కు హార్మోనియమునకు అలవాటుపడిన పాతతరమువారు ఈ భేదమును గమనింపవలెను. అచట కాలు వాద్యమునకు ఊపిరి పోయును. బలముగ త్రొక్కినకొలది గాలి పెరుగును. ఇచట బలమునకు ఫలము లేదు. అలవాటున దంచి త్రొక్కినచో లోపలి ఇత్తడిరేకు వంగిపోవుటయే ఫలితము.

హార్మోనియము మాట వచ్చినది గనుక ఒక చిన్న ముచ్చట. 1940 మార్చిలో ఆలిండియా రేడియో ఆ వాద్యమును తన కార్యక్రమముల నుండి వెలివేసినది. మెట్లవాద్యమున గమకము పలుకదనుట నాటి ముఖ్యమైన ఆక్షేపణ. ఆ నిషేధము 1971లో గాని సడలలేదు. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని నిషేధమున్న ఆ ముప్పదియేండ్లును మా రేడియో వినుచునే జనము రాత్రులందు నాటకములకు పోయి హార్మోనియము వినుచుండిరి. పెట్టె మారినను ఆ స్థానము మారలేదు.

ఇక పరీక్షకు వత్తము. మొట్టమొదట చేయవలసినది పెడలు పిన్నును పెట్టె వెనుకనుండి పూర్తిగా ఊడదీయుట. ఊడదీసి, కీబోర్డును ఆపి, మరల వేసి, ఒక మెట్టు నొక్కి విడువవలెను. స్వరము చక్కగ తెగినచో పెట్టె నిర్దోషి. సందేహము పెడలుపై గాని, తీగపై గాని, వాని పొందికపై గాని నిలుచును. పెడలు లేకున్నను స్వరము సాగుచునే ఉన్నచో సందేహము పెట్టెపైననో, దాని అమరికలపైననో నిలుచును. ఈ ఒక్క పరీక్షతో సగము దారి గడచును.

పొందిక అంటిని. అదేమో వివరింతును. స్విచ్చీలలో రెండు జాతులు కలవు. వీధితలుపు దగ్గరి కాలింగ్ బెల్లు స్విచ్చి నొక్కినప్పుడు విద్యుత్తును కలుపును, విడిచినప్పుడు త్రెంచును. ఫ్రిజ్ తలుపుమూలనున్న చిన్న స్విచ్చి దీనికి తలక్రిందులు. తలుపు మూసి దానిని నొక్కినప్పుడు దీపము ఆరును, విడిచినప్పుడు వెలుగును. కీబోర్డు పెడళ్ళును ఇట్లే రెండు తెగలు. యమహావారి ఎఫ్‌సీ-4, ఎఫ్‌సీ-5 పెడళ్ళు ఫ్రిజ్ తెగకు చెందినవి. కేసియోవారివి బెల్లు తెగవి. చూపునకు రెండును ఒకటియే. పిన్నులు ఒకటియే, పావు అంగుళముది. దుకాణములో ఒకే వరుసలో వ్రేలాడుచుండును. ఒక తెగ పెడలు కొరకు చేసిన పెట్టెకు రెండవ తెగ పెడలు తగిలించినచో అంతయు తిరుగబడును. కాలు తీసియుంచినంతసేపు స్వరములు పట్టుకొనియుండును, త్రొక్కినచో తెగును.

దీనికి విరుగుడుగా పెక్కు కీబోర్డులలో ఒక ఉపాయము పెట్టినారు. పెట్టెను వేసిన క్షణమున అది పెడలును ఒకమారు చూచుకొనును. అప్పుడు ఉన్న స్థితియే విశ్రాంతిస్థితి అని నిశ్చయించుకొనును; దానికి భిన్నమైనది త్రొక్కిన స్థితి. ఈ ఉపాయము వలన ఏ తెగ పెడలైనను పనిచేయును. ఐతే దీనితోడనే ఒక చిక్కును వచ్చినది. పెట్టెను వేయునప్పుడు కాలు పెడలుపై ఉన్నచో అది త్రొక్కుడునే విశ్రాంతిగా ఎంచుకొనును. పెట్టెను వేసిన పిమ్మట వేరు తెగ పెడలును తగిలించినను ఇదే గతి.

నాగావళి ఒడ్డున ఒక గ్రామములో శివరాత్రి నాటకమునకు వెళ్ళినప్పుడు ఈ చిక్కును కన్నులార చూచితిని. వాద్యగాడు అరువదికి చేరువైన పెద్ద. హార్మోనియము వాయించిన చేతులు. పాత పెడలు తీగ తెగినదని ప్రక్కవీధి చర్చిలో కీబోర్డు వాయించు కుర్రవానిని అడిగి పెడలు తెప్పించుకొనినారు. అప్పటికి శ్రుతి సరిచూచుటకై పెట్టెను వేసియే ఉంచినారు. పెడలు తగిలించినంతనే ప్రార్థనగీతము సరిచూచుచుండగా రొద మొదలైనది.

“ఏటి బాబూ ఇది! కాలు తీస్తే మోగతంది, తొక్కితే ఊరుకుంటంది. పెట్టి పాడయిపోనాది” అని ఆయన తల పట్టుకొనినారు. మైకుసెట్టు వద్దనున్న పందొమ్మిది ఇరువదేండ్ల కుర్రవాడు వచ్చి ఒకసారి వంగి చూచెను. “పెట్టికేటీ అవనేదు గురువుగారూ. ఒక్కపాలి ఆపీసి, కాలెట్టకుండ మల్లీ ఏయండి” అనెను. ఆయన అట్లే చేసిరి. స్వరము తెగినది. తెర లేచుటకు ఇంకను వ్యవధి ఉండెను. ఆ కుర్రవాడు ఈ విద్యను ఎచట నేర్చెనో నేను అడుగలేదు. నాటకము ముగియువరకు అతడు కునికిపాట్లు పడుచునే మైకుల నియంత్రణ నడిపెను.

అన్ని పాతపెట్టెలకును ఈ చూచుకొను బుద్ధి ఉండదు. 1980 ప్రాంతపు వాద్యములలో కొన్ని తమ తెగ పెడలును మాత్రమే ఎరుగును. కొన్నింటిలో మెనూ లోపల పెడలు తెగను మార్చు అమరిక ఉండును. రెండును లేనిచో, అడుగున చిన్న మార్పుస్విచ్చి గల పెడలును కొనుట సులువు. ఆ స్విచ్చిని ఒక ప్రక్కకు జరిపిన బెల్లు, రెండవ ప్రక్కకు జరిపిన ఫ్రిజ్. వెల కొంచెమెక్కువైనను, చేతులు మారిన పెట్టె గలవారు అట్టిదానినే కొనుట మేలని నా అభిప్రాయము.

పొందిక సరిగనే ఉన్నది, ఐనను పెడలు పలుకదు. అప్పుడు పెడలును విడిగ పరీక్షింపవలెను. పిన్నును గమనించినచో మొన ఒక భాగము, నల్లని గీత, దాని వెనుక మొదలు మరియొక భాగముగ కనబడును. మల్టీమీటరును ‘బీప్’ పలుకు స్థానమున ఉంచి, ఒక కడ్డీని మొనకు, రెండవదానిని మొదలునకు తాకించి, పెడలును మెల్లగ త్రొక్కి విడువవలెను. త్రొక్కుడునకు విడుపునకు భేదము కనబడినచో, అనగా ఒకప్పుడు మ్రోగి ఒకప్పుడు ఊరకున్నచో, పెడలు మంచిదే. ఎల్లప్పుడు మ్రోగుచున్నను, ఎన్నడును మ్రోగకున్నను చెడినది. మీటరు లేని ఊరిలో టార్చిలైటు బల్బు, రెండు సెల్లులు, మూరెడు వైరు చాలును. సెల్లుల నుండి బల్బునకు పోవు దారిలో ఈ పిన్నును ఉంచినచో బల్బే సాక్ష్యము చెప్పును. ఐతే కొన్ని చౌకపెడళ్ళలో ఇత్తడిరేకులకు మారుగ కార్బను పూసిన రబ్బరుబిళ్ళ ఉండును. దానిగుండ ప్రవహించు విద్యుత్తు స్వల్పము. బల్బు వెలుగకపోయినంత మాత్రమున అట్టి పెడలును పారవేయరాదు. అందులకు మీటరే శరణ్యము.

మీటరు కడ్డీలను అట్లే పట్టుకొని పిన్ను దగ్గర తీగను ఇటునటు వంచి చూడుడు. పలుకు తెగి తెగి వచ్చినచో లోపలి రాగిపోగులు తెగినవని అర్థము. పెడలు తీగలు సాధారణముగ తెగుచోటు అదియే, పిన్ను మెడ. కచేరీ ముగిసిన పిమ్మట తీగను పెడలు చుట్టు బిగించి చుట్టి సంచిలో కుక్కుట దీనికి కారణము. రెండంగుళములు కత్తిరించి క్రొత్తపిన్ను సోల్డరింగు చేయించినచో సరిపోవును. రేడియో బాగుచేయువాడు ఎవడైనను చేయగలడు.

తీగ బాగుగనున్నచో మిగిలినది పెడలు పొట్ట. మన సముద్రతీరపు గాలికి ఇత్తడి తట్టుకొనలేదు. కళింగపట్నము, భావనపాడు, బారువ వంటి చోట్ల వంటింటి గిన్నె కూడ నెలలో రంగు మారును. పెడలులోని రేకులపై పచ్చని చిలుము పట్టుటలో వింత ఏమి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటినప్పటి వంటి వానలలో తడిసి, పైకి ఆరినట్లు కనబడి, లోపల చెమ్మ మిగిలిన సామాను సంగతి చెప్పనే అక్కరలేదు. పెడలు అడుగునున్న మరలు విప్పి, ఎలక్ట్రానిక్ దుకాణములలో దొరకు కాంటాక్ట్ క్లీనరును కొంచెము చల్లి, మెత్తని గుడ్డతో రేకులను తుడిచి, పూర్తిగ ఆరనిచ్చి బిగింపవలెను. కొబ్బరినూనె, కిరసనాయిలు వేయు అలవాటు కొందరికి కలదు. అవి దుమ్మును పట్టుకొని, రబ్బరును చెరచి, ఉన్న రోగమును రెట్టింపు చేయును. గరుకుకాగితముతో రుద్దుటయు తగదు. రేకుపై పూత పోయినచో చిలుము మరింత వేగముగ పట్టును.

పెడలు మంచిదని మీటరు చెప్పినది. పెట్టె మాత్రము వినుట లేదు. అప్పుడు ఇంకొక చిన్న పరీక్ష. రెండు వైపుల పావు అంగుళపు పిన్నులు గల తీగ, గిటారువారి వద్ద ఉండునది, ఒకటి తెచ్చి ఒక కొనను పెట్టె వెనుక ‘సస్టెయిన్’ లేక ‘డాంపర్’ అని వ్రాసియున్న రంధ్రమున పెట్టవలెను. మెట్టు నొక్కి పట్టి, రెండవ కొన మొనను మొదలును ఒక చిన్న వైరుముక్కతో కలిపి, వ్రేలు తీయవలెను. పిదప కలుపక వ్రేలు తీయవలెను. రెండింటికి భేదము కనబడినచో పెట్టె వినుచున్నది. ఆ రంధ్రమున ఉండు విద్యుత్తు బహుస్వల్పము, చేతికి తెలియదు. ఐనను రంధ్రము పేరును రెండుమార్లు చదివిన పిమ్మటనే ఈ పని చేయవలెను. స్పీకరునకు పోవు రంధ్రమున ఇట్లు కలిపినచో ఆంప్లిఫయరు కాలిపోవచ్చును.

ఇచట పిన్నును గూర్చి ఒక మాట. నేటి పియానో కీబోర్డులతో వచ్చు కొన్ని పెడళ్ళ పిన్నుపై ఒక గీతకు మారుగ రెండు గీతలుండును. అవి పట్టు, విడుపు మాత్రమేగాక సగము త్రొక్కుడును కూడ తెలుపగలవు. లోపల స్విచ్చికి మారుగ రేడియో వాల్యూము మరవంటిది ఉండును. పాతపెట్టెకు ఆ భాష తెలియదు. త్రొక్కినప్పుడు ఒకచో పలికి ఒకచో మానును. పెద్దవెల పెట్టి కొన్న పెడలు గదా అని దానినే నమ్ముకొనరాదు.

ఇంతవరకు స్విచ్చి సంగతి. ఇక మిడి సంగతి కొంత చెప్పవలెను. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యముల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్‌వారి ప్రాఫెట్-600ను, రోలాండ్‌వారి జూపిటర్-6ను ఒక తీగతో కలిపి, ఒకదానిని వాయించి రెండవదానిని పలికించిరి. వేరు వేరు దేశముల, వేరు వేరు సంస్థల వాద్యములు ఒక భాషలో మాటలాడుకొనుటకు ఏర్పడిన కట్టుబాటు పేరే మిడి. దానికై పాటుపడిన డేవ్ స్మిత్, ఇకుతారో కాకెహాషి గార్లకు 2013లో గ్రామీవారి సాంకేతిక పురస్కారము లభించినది. నలువది యేండ్లు దాటినను ఆ భాష చెల్లుబాటగుచునే ఉన్నది. నాటి పెట్టె నేటి కంప్యూటరుతో మాటలాడగలుగుట దాని చలవయే.

మిడి తీగలో నాదము ప్రవహింపదు, వార్తలు ప్రవహించును. ‘ఈ మెట్టు నొక్కినాడు, ఇంత బలముతో నొక్కినాడు, విడిచినాడు’ అని టెలిగ్రాముల వంటి వార్తలు. పెడలు వార్తకు 64వ సంఖ్య. దానితో కూడ 0 నుండి 127 వరకు ఒక విలువ పోవును. 63 వరకు విడుపు, 64 మొదలు పట్టు. ఈ వార్తలు పదునారు మార్గములలో దేనిలోనైనను పోవచ్చును. వానినే చానళ్ళు అందురు.

టెలిగ్రాము అందనిచో ఏమగును? పెడలు త్రొక్కి ఉన్నప్పుడు ఎవరి కాలో తగిలి మిడి తీగ ఊడినదనుకొందము. ‘పట్టు’ అను వార్త చేరినది, ‘విడుపు’ చేరలేదు. అవతలి పెట్టె పట్టుకొనియే కూర్చుండును. ఆర్గను వంటి తరుగని నాదమైనచో తెల్లవారువరకు మ్రోగగలదు. పెడలు త్రొక్కియుండగ చానలును మార్చినను ఇదే జరుగును. విడుపు వార్త క్రొత్త చానలునకు పోవును, పాత చానలు పట్టులోనే ఉండిపోవును. కీబోర్డును రెండు భాగములుగ చేసి ఎడమచేతికి ఒక ధ్వని, కుడిచేతికి ఒక ధ్వని పెట్టుకొనువారికి ఈ అవస్థ మిక్కిలి.

ఇందులకు సులభమైన మందు, తీగను బిగించి, అదే చానలులో పెడలును ఒకసారి త్రొక్కి విడుచుట. చాల పెట్టెలలో, కంప్యూటరు కార్యక్రమములలో ‘పానిక్’ అను మీట కూడ ఉండును. ఒక విశేషమును గమనింపుడు. మిడిలో ‘స్వరములన్నియు ఆపుము’ అను ఆజ్ఞ 123వది. పెడలు పట్టులో ఉన్నంతసేపు ఆ ఆజ్ఞకు స్వరములు లొంగనక్కరలేదని నియమము; త్రొక్కిన పియానోలో వ్రేళ్ళన్నియు తీసినట్లే అది. అందులకు 120వ ఆజ్ఞ, ‘నాదమంతయు ఆపుము’, కావలెను. లేదా నియంత్రణలన్నింటిని మొదటి స్థితికి త్రిప్పు 121వది. పానిక్ మీట నొక్కినను రొద ఆగలేదని వాపోవువారు, తమ పెట్టె ఏ ఆజ్ఞను పంపుచున్నదో పుస్తకమున చూచుకొనవలెను.

కంప్యూటరుతో వాయించునప్పుడు మాత్రమే పెడలు చెడి, కీబోర్డు సొంత ధ్వనితో వాయించునప్పుడు బాగుగ ఉన్నచో పెడలును, తీగను, పెట్టెను ముట్టవలదు. రోగము వార్తలలో ఉన్నది.

రోగమే కానివి కొన్ని కలవు. వానిని కూడ ఎరిగియుండుట మంచిది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్-7 ఏకకాలమున పదునారు స్వరములను పలుకగలదు. పెడలు త్రొక్కి ఉంచి వేగముగ స్వరములు వేసినచో పదునేడవ స్వరమునకు తావు ఉండదు. వెనుకటి స్వరమొకటి చప్పున తెగును. దానిని చూచి పెడలు జారుచున్నదనుకొనరాదు. పియానో ధ్వని పెడలు త్రొక్కినను తరిగిపోవును. వయొలిన్ల ధ్వని తరుగక నిలుచును. డోలు ధ్వనికి పెడలుతో నిమిత్తమే లేదు. ఒక ధ్వనిలో మాత్రమే స్వరము ఆలస్యముగ తెగుచున్నచో, ఆ ధ్వని స్వభావమే అంత. లేక కీబోర్డు ముఖముపైనున్న సస్టెయిన్ మీట ఎవరో నొక్కినారు. పిల్లలున్న ఇండ్లలో దీనిని మొదట చూడవలెను.

ఇన్ని చూచినను పెట్టెలోనే దోషమని తేలినప్పుడు గాని దానిని విప్పరాదు. అట్టిచోట తరచుగ కనబడునది పెడలు రంధ్రము వెనుక సోల్డరింగు పగులుట. ఎవరో తీగను తన్ని లాగిన గుర్తు. తిరిగి సోల్డరింగు చేయుట పెద్దపని కాదు, కాని కరెంటు తీగను గోడనుండి ఊడదీసిన పిమ్మటనే మూత తీయవలెను. పాతపెట్టెల లోపల ఒక చిన్న లిథియం బ్యాటరీ ఉండును. డీఎక్స్-7లో అది సోల్డరింగుతో అతికి ఉండును. వాద్యగాడు ఏండ్లతరబడి కూర్చుకొనిన ధ్వనులను కరెంటు లేనప్పుడు కాపాడునది అదియే. తెలియక దానిని తీసినచో ధ్వనులు పోవును. విప్పుటకు ముందు మిడి తీగ ద్వారా వానిని కంప్యూటరులోనికి నకలు తీయించుకొనుట క్షేమము.

బాగుచేయువాని వద్దకు పెట్టెను పంపునప్పుడు ‘పెడలు పనిచేయుట లేదు’ అని మాత్రము చెప్పి పంపవలదు. ఒక చీటి వ్రాసి పెట్టెకు అంటింపుడు: పెడలు తీసివేసినప్పుడు స్వరము తెగుచున్నదా లేదా, పెడలును మీటరు పెట్టి చూచిన ఏమి కనబడినది, గిటారు తీగతో కలిపినప్పుడు పెట్టె వినినదా లేదా, మిడి తీగ లేనప్పుడు ఎట్లున్నది. ఈ నాలుగు పంక్తులున్నచో అతడు నేరుగ ఆ రంధ్రము వద్దకే పోవును. పెడలును కూడ తప్పక పంపుడు, తీగను వదులుగ చుట్టి.